చెంచా చెక్కే పరీక్ష

ఆత్మకూరులో కొత్తగా తెరిచిన ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో, చెక్క చెంచాల పని నేర్పడానికి టీచరు కావాలన్నారు. ఇంజనీరింగ్ చదివి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న సుమయా ఆశగా వెళ్లింది.

ఆఫీసరు ఆమె సర్టిఫికెట్లు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఒక కొయ్యముక్క, ఉలి ముందు పెట్టాడు. సుమయా చేతిలో కొయ్య నిలువునా చీలిపోయింది.

"ఉదయగిరిలో చెంచాలు చేసే ఇంటి పిల్లవి. ఈ మాత్రం రాదా?" అంటూ ఆయన ఫైలు మూసేశాడు.

బయట కాచుకొని ఉన్న తల్లి బీబమ్మను చూడగానే సుమయాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"చిన్నప్పుడు నేర్పమని ఎంత ఏడ్చినాను అమ్మీ! ఉలి ముట్టుకుంటే కొట్టినావు. చదివితే చాలు, గవర్నమెంటే ఉద్యోగమిస్తాదంటివి. నన్ను మోసం చేసినావు."

ఉదయగిరి బస్సెక్కి కూర్చున్నాక బీబమ్మ మెల్లగా చెప్పింది.

"పోయిన సోమవారం నేనూ వచ్చినానే ఈడికి. ఆ సారు ముందరే చెంచా చేసిచ్చినాను. శానా బాగుండాదన్నాడు. పదో తరగతి పాసైనావా అని అడిగినాడు. లేదంటే పొమ్మన్నాడు. ఇంట్లో చదివిన బిడ్డ ఉండాదని, నీ పేరు రాయించి వచ్చినాను."