చేతులు ఆగని అధ్యాయం

హంతకుడి పేరు చదివాడు మల్లప్ప. ఎవరి చేతులూ ఆగలేదు.

మరాఠీ ఊళ్లోని తెలుగువాళ్ల బస్తీ దాజీ పేట్‌లో యమునాబాయి ఇంటి వరండా అది. నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి, బీడీలు చుట్టి, దారం కడుతూనే ఉన్నారు. మల్లప్ప నోట్‌బుక్ మూసి ఆ చేతుల వంకే చూశాడు.

మూడేళ్లుగా అతనికి ఇదే పరీక్ష. పవర్‌లూమ్ కార్ఖానాలో టవల్స్ నేస్తాడు, మిగిలిన వేళల్లో థ్రిల్లర్లు రాస్తాడు. అధ్యాయం పూర్తి కాగానే ఈ వరండాలో చదువుతాడు. చేతులు ఆగితే కథ నిలబడినట్టు. చేతుల వేగం పెరిగిందంటే ఆ పేరా కొట్టేయాల్సిందే. రెండు పేజీల వాన వర్ణన అలాగే పోయింది. దాన్ని పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ సంతోషమే.

యమునాబాయి తల ఎత్తకుండా ఏదో అంది.

“ఏమంటివి పెద్దమ్మా?”

“కంపౌండరే చంపిండని మాకు నిన్ననే ఎర్క, అంటున్న. ఎర్కైనదానికి చేతులెందుకు ఆపుతం?”

“ఎవరు చెప్పిన్రు?”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. “గల్లీల అందరికి ఎర్కే,” అంది యమునాబాయి.

హైదరాబాద్‌లో కథల సైటు నడిపే నరసయ్య ఈ నవలను ఇరవై తొమ్మిది వారాలుగా వేస్తున్నాడు. చివరి అధ్యాయం ఈ సాయంత్రం ఆరింటికి అందాలి. హంతకుడి పేరు ఒక్క పాఠకుడు ముందే సైటులో రాసినా పుస్తకం అచ్చు వేయనన్నాడు. గల్లీలో అందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఇప్పుడు ఒంటిగంట.

ముగింపు మార్చవచ్చు. కానీ పేరు మోసిన నోరు ఏదో తెలియకుండా మారిస్తే, కొత్త పేరు కూడా ఆ దారినే పోతుంది.

వల వేయాలనుకున్నాడు. అనుమానం ముగ్గురి మీద. ముగ్గురికీ మూడు దొంగ పేర్లు చెబితే, తిరిగొచ్చిన పేరే దొంగను పట్టిస్తుంది.

మొదట కూతురు. నోట్‌బుక్ పేజీలను ఫోటోలు తీసి సైటుకు పంపేది పూనమే. ‘చదివి ఎవరికన్న చెప్పినవా?’ అని అడిగాడు.

“బాపూ, నాకు తెలుగు చదువుడు ఎక్కడొస్తది? మరాఠీ బడిల ఏసినోడివి నువ్వేనాయె.”

అదీ నిజమే. అయినా చెవి దగ్గరికి వంగాడు. “కొత్త హంతకుడు డాక్టరు. ఎవ్వరికి చెప్పకు.”

పూనం చెవి రుద్దుకుంటూ తల ఊపింది.

భార్య కమల ఇంటి వెనక ఆకు కత్తిరిస్తోంది. అతను నోరు తెరవకముందే, “ఇగ నా వంతా?” అంది. “మొన్న తలుపేసి నా చెవిల చెప్పినవ్. నేను ఎవ్వరితోటి అనలే.”

తను అడగబోయేది ఆమెకెలా తెలిసింది? మల్లప్ప కళ్లు చిన్నవయ్యాయి. ఆమె చెవిలో ‘డ్రైవరు’ అని చెప్పి బయటపడ్డాడు.

మూల మీది చాయ్ హోటల్లో సిద్ధరాములు బల్ల మీద జరిగి చోటిచ్చాడు. కార్ఖానాలో మల్లప్ప మగ్గం పక్క సాంచా అతనిదే.

“కమల గాదంట గదరా. నన్ను అడుగు, జల్ది.”

ఇదేదో ముఠా అనిపించింది మల్లప్పకు. “సోమవారం నరసయ్య సారుకు ఫోన్‌ల ముగింపు చెప్తుంటే పక్కన ఉన్నది నువ్వే.”

“పన్నెండు సాంచలు కొట్టుకుంటుంటే నాకేం వినపడ్తదిరా? ముప్పై ఏండ్ల సంది మనిద్దరికి అదే చప్పుడు. ఇంట్ల టీవీనే సక్కగ వినపడ్త లేదు.”

కాదనడానికి లేదు. అతనికి ‘మేనల్లుడు’ అని చెప్పి, చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

మూడింటికి వరండాకు తిరిగొచ్చాడు. “పెద్దమ్మా, కొత్తగ ఏమన్న విన్నవా?”

“విన్న. డాక్టరు రెండో వారమే ఊరికి పాయె, ఆయనెట్ల చంపుతడు? డ్రైవరంటే మొదటి సంది అనుమానమే. మేనల్లుడు జర నయం.”

మల్లప్ప మెట్ల మీద కూలబడ్డాడు. మూడు పేర్లూ వచ్చేశాయి. కూతురు, భార్య, దోస్తు. ఎవరినని అడగాలి?

“మరి ఎవరైతే బాగుంటది?” అన్నాడు చివరికి.

“మేము తిట్టుకునేటోన్ని పట్టిస్తే మజా ఏమున్నది? ఎవ్వరు దొరికితే మాకు పానం కలుక్కుమంటదో వాళ్లను పట్టియ్యి.”

ఆ తర్వాత మల్లప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మెట్ల మీదే కూర్చుని రాశాడు, రెండు పేజీలు చింపాడు, మళ్లీ రాశాడు. కమల చాయ్ తెచ్చి పెడితే కళ్లతోనే పొమ్మన్నాడు.

అయిదింటికి చదివాడు. ప్రతి అధ్యాయంలోనూ డిటెక్టివ్‌కు ఇంత రొట్టె పెట్టి కడుపు నింపిన వంటామె శాంతవ్వ పేరు దగ్గర నలుగురి చేతులూ ఒక్కసారే ఆగిపోయాయి. యమునాబాయి వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ విడిపోయి తంబాకు చీర మీద రాలింది.

“శాంతవ్వనా?” అంది. కళ్లు తుడుచుకుంది. “పాపం, ఎంత ఓర్సుకున్నదో.”

పూనం పేజీలు పంపింది. పది నిమిషాలు తక్కువ ఆరుకు నరసయ్య ఫోన్ వచ్చింది. “ఎవరూ ఊహించలేరు మల్లప్పా. పుస్తకం అచ్చుకు ఇస్తున్నా.”

వరండా గోడకు వీపు ఆనించి హాయిగా కాళ్లు చాపుకున్నాడు మల్లప్ప. కమలా, పూనమూ వచ్చి పక్కన నిలబడ్డారు. హోటల్ నుంచి సిద్ధరాములు కూడా వచ్చాడు.

“అందర్ని మాఫ్ చేసిన,” అన్నాడు మల్లప్ప. “ఇంకెప్పుడు ముగింపు ఎవ్వరికి చెప్ప. గిప్పుడన్న ఖరే చెప్పు పెద్దమ్మా. ఈ ముగ్గురిట్ల నీకు మోసింది ఎవరు?”

ముగ్గురూ తలలు దించుకుని నవ్వు ఆపుకుంటున్నారు. యమునాబాయి చేట పక్కన పెట్టి, అతని చెవి దగ్గరికి జరిగి, గొంతు బాగా పెంచింది.

“గల్లీకి చెప్పింది నీ గుసగుసే బిడ్డా.”