మొదటి సగం

"మొదటి సగం ఇంకెవరో రాసినట్టుందండీ," అన్నాడు ముందు వరసలోంచి లేచిన మార్క్.

హాలంతా నవ్వింది. వేదిక మీద కోటిరత్నం ఒక్కతే నవ్వలేదు.

'కోల్డ్ స్టోరేజీలో ప్రేమ' నవల మీద పాఠకుల అభిప్రాయాలు వినడానికి గుంటూరులో పెట్టిన సభ అది. పుస్తకం అచ్చయ్యేనాటికే దాన్ని రాసిన ప్రేమదాసు మాస్టారు పోయారు. చివరి రోజుల్లో చెయ్యి వణికి ఆయన పెన్ను పట్టలేకపోతే, ఆయన చెబుతుంటే భార్యే రాసిపెట్టిందని ముందుమాటలో వేశారు. అందుకే కోటిరత్నాన్ని పర్చూరు నుంచి పిలిపించి, శాలువా కప్పి, ఆయన కోసం వేయాల్సిన కుర్చీలో కూర్చోబెట్టారు.

మార్క్ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాడు. మైకు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"తప్పుగా అనుకోకండి మేడమ్. యలమందా, సలోమీ బస్సులో కలుసుకుంటారు. కండక్టరు చిల్లర లేదని ఇద్దరికీ కలిపి ఒకే నోటిచ్చి, దిగి పంచుకోమంటాడు. బానే ఉంది. కానీ నవ్వు రాదండీ. ఎక్కడో సినిమాలో చూసినట్టుంటుంది."

"సినిమాలోది కాదు బాబూ," అంది కోటిరత్నం. "మా పర్చూరు బస్సులో జరిగింది. ఆ నోటు మార్చుకోడానికి నేనూ ఆయనా బస్టాండంతా తిరిగాం."

"అక్కడే వస్తుంది చిక్కు. నిజంగా జరిగినవి కాగితం మీద పండవు మేడమ్. కల్పించి రాసినవే పండుతాయి. రెండో సగం చూడండి!"

ఆవిడ గ్లాసెత్తి నీళ్లు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు మైకులో గట్టిగానే వినపడింది.

తర్వాత మిర్చి యార్డులో వ్యాపారం చేసే కలీం లేచాడు.

"నేను పుస్తకాలు చదివేవోణ్ని కాదమ్మా. మా ఆవిడ పోరు పడలేక మొదలెట్టా. సగం దాకా ఒకటే ఆవులింతలు. ఇంక లాభం లేదు, పక్కన పడేద్దామనుకున్నా. అప్పుడొచ్చాయి చూడండీ తుమ్ములు! మా యార్డులో పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించా."

తుమ్ముల సీను అనగానే హాల్లో ఈలలు పడ్డాయి. పిల్లనివ్వమని అడగడానికి యలమంద సలోమి తండ్రి పనిచేసే కోల్డ్ స్టోరేజీకి వెళ్తాడు. తలుపు మూసుకుపోతుంది. మిర్చి కుక్కిన టిక్కీ బస్తాల మధ్య అతనూ ఆయనా ఇరుక్కుపోతారు. ఘాటుకి ఇద్దరికీ ఒకటే తుమ్ములు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య యలమంద ఒక్కో ముక్కా అడుగుతుంటాడు. పెద్దాయన తుమ్మినప్పుడల్లా తల కిందికి ఊగుతుంది. యలమంద దాన్ని ఒప్పుకోలనుకుంటాడు.

"అది చదవండమ్మా!" అని వెనకనుంచి కేకలు.

"నేను మొదటి అధ్యాయం చదువుతాను," అంది కోటిరత్నం మొండిగా.

బస్సు సీను చదివింది. నెమ్మదిగా, ఆయన చదివే తీరులోనే, ఆయన ఆగేచోటల్లా ఆగి చదివింది. ఎవరూ నవ్వలేదు. ఎవరిదో ఫోను మోగింది. ఎవరో కుర్చీ జరుపుకున్నారు. కండక్టరు నోటిచ్చే చోటికి వచ్చేసరికి ఇద్దరు లేచి టీల దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ పేజీ మధ్యలోనే పుస్తకం మూసేసింది.

పబ్లిషర్ షబ్బీర్ ఇదే అదనని మైకు అందుకున్నాడు.

"మేడమ్, రెండో ముద్రణ వేస్తున్నాం. అందరి మాటా విన్నారు కదా. మొదటి సగం బాగా కుదించేద్దాం. బస్సు సీను ఎత్తేసి నేరుగా కోల్డ్ స్టోరేజీ దగ్గరే మొదలుపెడదాం."

"తీస్తే రెండో సగం తియ్యండి."

జోకనుకుని చప్పట్లు కొట్టారు.

"నవ్వులాటక్కాదు నేనంటంది!" కోటిరత్నం లేచి నిలబడింది. శాలువా జారి కిందపడింది. "ఆయన రాసినదాంట్లో ఒక్క అక్షరం తీసినా నేనొప్పుకోను. కత్తిరించేటట్టయితే అసలు పుస్తకమే వెయ్యమాకండి."

షబ్బీర్ బిక్కమొహం వేశాడు.

"రెండో సగం కూడా మాస్టారిదే కదమ్మా! దాన్ని మెచ్చుకుంటుంటే మీకు కోపమెందుకు?"

ఆవిడ నోరు తెరిచింది. వెనక బ్యానరు మీద దండేసిన ఫోటోలో ప్రేమదాసు నవ్వుతున్నారు. ఆయన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. కాసేపు అటే చూసి, తెరిచిన నోరు మూసుకుంది.

"సరే మేడమ్, మీ మాటే. ఉన్నదున్నట్టే వేస్తాం," అన్నాడు షబ్బీర్ ఆఖరికి.

సభ ముగిసింది. అందరూ పుస్తకాలు పట్టుకుని బల్ల చుట్టూ మూగారు. కోటిరత్నం ఎవరి పుస్తకం మీదా తన పేరు రాయలేదు. 'ప్రేమదాసు' అని రాసి ఇస్తూ పోయింది.

బ్యాంకులో పనిచేసే నగ్మా అందరికంటే వెనక నిలబడి, రద్దీ తగ్గాక దగ్గరికొచ్చింది.

"తుమ్ముల సీను చదివి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వానాంటీ."

"నాకూ వచ్చాయమ్మా నీళ్లు."

"అది రాస్తూ సార్ ఎంత నవ్వుకుని ఉంటారో కదా! మీరు పక్కనే ఉండుంటారుగా?"

కోటిరత్నం 'ప్రేమదాసు' అని రాసి పుస్తకం ఆ అమ్మాయి చేతికిచ్చింది.

ప్రేమదాసు జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆయన సగంలో వదిలేసి పోయిన నవలను ముందేసుకుని, కోటిరత్నం ఒంటరిగా కూర్చుని రాసిన మొట్టమొదటి సీను అది.