పొట్ట కింది దీపం

"దీపం ఆర్పు పెంటమ్మా! వీధి మలుపు దాకా కనపడుతోంది," అంటూ ఏసుపాదం పంతులు వాకిట్లోకి వచ్చాడు.

పొద్దు వాలి మసక పడుతోంది. పెరట్లో బీరపాదుకు నీళ్లు పోస్తున్న పెంటమ్మ చెంబు పక్కన పెట్టి, బొట్టు చెరగకుండా నొసటి చెమట తుడుచుకుంది. పోలీసులు కాక, నలభై రోజుల తర్వాత ఆ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. మోతె ఊళ్లో అందరికీ ఆ ఇల్లంటే హడలు. పలకరించే దిక్కులేక ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"కూసో పంతులూ," అని దగ్గింది.

అరుగు మీద సగం కాలిన చుట్ట. లోపల రెండు కంచాలు. పంతులు అన్నీ చూశాడు.

"మీ ఆయన చంద్రయ్య అడవి నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాడని ఊరంతా గుసగుసలు. రజాకార్లు పోయారు గానీ దొర మళ్లీ దిగాడు. పోలీసులు ఊరుకుంటారా?"

"రెండుమార్లు సోదా చేసిన్రు. ఏం దొరికింది? దొర మనుషులైతే దొర భూమిల సంగం మాకు పంచిచ్చిన రెండెకరాల గట్టు గూడ తొక్కలె. మా ఆయన తుపాకంటే గంత బుగులు."

"ఎన్నాళ్లు? రేపు బండిలో గడ్డి కింద పెట్టి కోదాడ దాటిస్తాను. ఒక్కసారి పిలువు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "బళ్లె పిలగాండ్లకు చేప ముచ్చట జెప్పినవంట. నాకూ జెప్పు."

పంతులు తెల్లబోయాడు. అయినా చెప్పాడు. "బందర్లో చదివేటప్పుడు పుస్తకంలో చూశాను. సముద్రంలో కింది నుంచి చూసే శత్రువుకు, పైన ఈదే చేప నల్లని నీడలా కనపడుతుంది. అందుకని కొన్ని చేపలు పొట్ట కింద దీపాలు వెలిగించుకుంటాయి. పైన వెలుతురు ఎంతో, అంతే. ఇక నీడ కనపడదు."

"నేనూ గదే జేస్తున్న. ఈ ఇంటి మీది నీడ ఎవ్వలికీ కనపడొద్దు."

"చేప తెలివి మనిషిని కాపాడదమ్మా!"

"భూమినన్న కాపాడతది. నువ్వు పో పంతులూ."

ఆయన నిట్టూర్చి వెళ్లిపోయాడు. ఇంకాసేపు ఉంటే బాగుండునని పెంటమ్మకు ప్రాణం కొట్టుకుంది.

చుట్ట వెలిగించి, దగ్గు ఆపుకుంటూ, వీధి వైపు నాలుగు దమ్ములు వదిలింది. ఏడుపు వచ్చింది. వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో కంచంలో అన్నం పెట్టి, పట్టుకెళ్లి బీరపాదు మొదట్లో ఉంచింది.

గాయంతో వచ్చి ఆ రాత్రే ప్రాణం విడిచిన చంద్రయ్యను ఆమె పూడ్చింది అక్కడే.