గోడ అవతలి గలగల

ఏప్రిల్ పదకొండో తేదీ యువాన్‌కి బాగా గుర్తు. ఆ సాయంత్రం తిన్న ఉల్లికాడల రొట్టె గొంతు దిగకముందే పోలీసు తలుపు కొట్టాడు.

"ఇంట్లో మాజాంగ్ జూదం ఆడిస్తున్నావటగా! ఫిర్యాదు వచ్చింది," అన్నాడు ఆ పోలీసు లియావ్, బూట్లు విప్పుతూనే.

యువాన్‌కి భయమంతా గది గురించే. కేసు పడితే ఇంటాయన ఆ రోజే గది ఖాళీ చేయిస్తాడు. కీలుంగ్‌లో ఇంత చవకగా, కిటికీతో సహా, ఇంకో గది దొరకదు.

లోపల జూదరులెవరూ లేరు. ఒక కంప్యూటరు, ఒక స్పీకరు. స్పీకర్లోంచి మాజాంగ్ పలకలు కలుపుతున్న గలగల.

"రికార్డింగు సార్. ఏదో ఒక చప్పుడు లేకపోతే ప్రోగ్రాం రాయలేను."

"ఇదే దొరికిందా? వాన చప్పుడు పెట్టుకోవచ్చుగా?"

"పెట్టాను సార్. ఆరేసిన బట్టలు గుర్తొచ్చి బాల్కనీలోకి పరిగెత్తేవాణ్ణి. కాఫీ హోటలు చప్పుడు పెడితే ఆకలి. అలలు పెడితే నిద్ర. పక్కింటి త్సాయ్ పిన్ని ఇది పెట్టుకోమంది. చిన్నప్పుడు నానమ్మవాళ్లు ఆడుతుంటే ఆ బల్ల పక్కనే లెక్కలు చేసుకునేవాణ్ణి. ఇది వింటే మనసు కుదురుతుంది."

అంతలో త్సాయ్ పిన్నే ముల్లంగి సూపు గిన్నెతో వచ్చింది.

"పిల్లాణ్ణి పని చేసుకోనివ్వవేమయ్యా? చెవులకి తగిలించుకుని వింటుంటే, చెవులు పోతాయిరా, స్పీకర్లో పెట్టుకో అని నేనే చెప్పాను."

లియావ్ స్పీకరు ఆపాడు. గలగల ఆగింది. మళ్లీ పెట్టాడు. మొదలైంది. ఇక నవ్వాపుకోలేకపోయాడు. సూపు కూడా తాగాడు.

"ఈ అంతస్తులో మాజాంగ్ అని మళ్లీ ఫోనొస్తే, అది మన కుర్రాడి రికార్డింగని నేనే చెప్తాలే. ఇన్ని మెట్లు మళ్లీ ఎక్కడం నావల్ల కాదు," అని దిగి వెళ్లాడు.

"నువ్వు లేకపోతే గది పోయేది పిన్నీ," అన్నాడు యువాన్. కళ్లు చెమర్చాయి. గిన్నెలో అతని వాటా ఇంకా వేడిగానే ఉంది.

"ఛ, ఏడుపేంట్రా? తాగి పని చూసుకో. కాస్త పెద్దగానే పెట్టుకో, నాకేం ఇబ్బంది లేదు."

ఆమె తన ఇంటికి వచ్చింది. లోపలి గదిలో బల్ల చుట్టూ ముగ్గురు, పలకల మీంచి చేతులు తీసేసి, పందెం డబ్బు ఒళ్లో దాచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"పోలీసు వెళ్లాడా అక్కా?"

"వెళ్లాడు. ఇక ఎవరు పిలిచినా రాడు. కలపండి," అంటూ త్సాయ్ పిన్ని, పొద్దున తాను ఫిర్యాదు చేసిన ఫోన్ని సొరుగులో పడేసి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.