మూడో ప్రొపెల్లర్

"ఇదీ కాదప్పా! బోటు ఇంకా కుడిపక్కకే వాలుతాండాది," అన్నాడు పీరాసాబ్, అవుకు రిజర్వాయర్ గట్టుకు వాటర్ స్కీయింగ్ బోటు ఆనిస్తూ.

మెకానిక్ ఓబులేసు అప్పటికే తడిసి ముద్దయినాడు. పొద్దున్నుంచి అతను మార్చిన మూడో ప్రొపెల్లర్ అది.

"లాగుడెట్లుండాదన్నా? వెనక తాడు పట్టుకున్నోళ్లు నీళ్లమీదికి లేస్తారా?"

"ఒక్క ఊపున లేస్తారు. వాలకుండా పోయేది పెట్టు సామీ."

ఓబులేసు బోటునే కాసేపు చూసినాడు. ఇసుక మూటొకటి ఎత్తి ఎడమ సీట్లో పెట్టినాడు. "ఇప్పుడొక రౌండు కొట్టన్నా."

బోటు తిన్నగా పోయింది.

పీరాసాబ్ ఆ సీటుకేసి చూడలేదు. తాడు వదిలి ఎవరైనా పడిపోతే కేకేసి చెప్పడానికి, భార్య మాబున్నీ ఇన్నేళ్లూ వెనక్కి తిరిగి కూర్చున్న సీటది. ఆమెను మట్టి చేసొచ్చిన వారం నుంచే బోటు వాలుతాండాదని అతనికి ఇప్పుడు తట్టింది.

గట్టుకొచ్చి ఇంజన్ ఆపినాడు.

"తప్పు ప్రొపెల్లర్‌ది కాదన్నా," అన్నాడు ఓబులేసు మెల్లగా. "మూట ఉండనీ."

"వద్దు, దించెయ్. ఆమె లేదని ఈ బోటుకైనా తెలుస్తాండాది. వాలనీలేప్పా."