దారి లేని దేశం

"ప్రపంచంలో సముద్రం లేని పేద దేశాలు ముప్ఫై రెండున్నాయి అంకుల్. నాది ముప్ఫై మూడోది," అన్నాడు సత్యం, పెరట్లో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

గోంగూర మడికి నీళ్ళు పెడుతున్న హనుమయ్య పైపు కట్టేశాడు.

సత్యం సామాన్యుడు కాదు. రేవు లేని దేశాల రవాణా కష్టాల మీద పదకొండేళ్ళుగా రిపోర్టులు రాస్తున్నాడు. చాద్ గురించి రాశాడు. జాంబియా గురించి రాశాడు. మాలి గురించి రెండు సంపుటాలు రాశాడు. ఏ దేశంలోనూ లారీ ఎక్కిన పాపాన పోలేదు. విమానం దిగి, హోటల్లో మీటింగు పెట్టి, మళ్ళీ విమానం ఎక్కేవాడు. ఆ దేశాలు అలాగే ఉన్నాయి. సత్యం మాత్రం అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో హనుమయ్య కూతురు రష్మి ఇంటి వెనక అరెకరం స్థలం కొన్నాడు.

రెండు స్థలాలకీ మధ్య మనిషెత్తు చెక్క కంచె. దాని వెనక దట్టంగా పైన్ చెట్లు.

"మీరే చూడండి. తూర్పున మీ ఇల్లు. ఉత్తరాన వాననీళ్ళ కుంట. పడమరేమో టౌన్ వాళ్ళ వాకింగ్ ట్రెయిల్, దాన్ని టచ్ చేయడానికి లేదు. నేను ఇల్లెలా కట్టను అంకుల్?"

"మా పక్కనుంచి దారి అడుగుతున్నావా బాబూ?"

"పన్నెండడుగులు. అంతే. మా ఫీల్డ్‌లో ట్రాన్సిట్ కారిడార్ అంటాం."

ఆ పన్నెండడుగులూ సరిగ్గా హనుమయ్య తోట. మిగతా పెరడంతా నీడ. ఎండ పడేది ఆ పట్టీలోనే. రెండు వేసవులు ఇండియా నుంచి వచ్చి, బండలాంటి ఎర్రమట్టిని తవ్వి, జింకలు రాకుండా వల కట్టి దొండపందిరి, గోంగూర, ఆనప పాదు పెంచాడు. రష్మి పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. అందాకా ఆయన మాట్లాడేది దొండపాదుతోనే. ఆ తోటంటే ఆయనకు ప్రాణం.

"ఇది తీసేస్తే నాకిక్కడ ఏటుంటాది బాబూ," అన్నాడు.

సత్యం కోప్పడలేదు. లాప్‌టాప్ తెరిచాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినేవాడు ఆరునెలల విజిటర్ అయితే ఇక అడగక్కర్లేదు.

సరిహద్దుల్లో రోజుల తరబడి నిలిచిపోయిన లారీల ఫొటో చూపించాడు. కుళ్ళిపోయిన టమాటాల ఫొటో చూపించాడు. పొరుగువాడి నేల మీదుగా తప్ప ఉప్పు కూడా తెచ్చుకోలేని జనం గురించి చెప్పాడు. అక్కడ గొంతు జీరబోయింది. ఆ స్లైడు దగ్గర ఎప్పుడూ జీరబోతుంది.

"నేను ఫేవర్ అడగట్లేదు అంకుల్. దారి అనేది రైట్."

హనుమయ్య వేలితో వెనక్కి జరిపి ఆ లారీల ఫొటో మళ్ళీ చూశాడు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఒక రేవులో గుమస్తాగా పనిచేసి రిటైరైన మనిషి.

"నేపాల్ సరుకు మా రేవులో దిగీది బాబూ. ఓపాలి ట్రాక్టర్ సామాన్లు వచ్చాయి. కాయితం ఒకటి తక్కువైందని ఇరవై రోజులు ఆపేశాను. వాళ్ళ ఏజెంటు రోజూ వచ్చి నా టేబిల్ ముందు నిలబడీవోడు. రూలు రూలే అన్నాను. నాట్లన్నీ అయిపోయాక వదిలాను. ఆ మొహం ఇప్పటికీ కళ్ళలోనే ఉంది."

సత్యం వెంటనే నోట్ చేసుకున్నాడు. తర్వాతి రిపోర్టులో బాక్సు కట్టి వేసుకోవచ్చు.

"మళ్ళీ అలాటి పని నా చేత్తో చెయ్యలేను. తీసుకో బాబూ," అన్నాడు హనుమయ్య.

మర్నాడు గోంగూరంతా కోసి కట్టలు కట్టాడు. దొండపాదు వేరు తనే తవ్వాడు, ఇంకొకరు తవ్వితే చూడలేక. దారి ఇస్తున్నట్టు రాసిన కాగితాల మీద రష్మి ఆఫీసు మీటింగు మధ్యలో ఫోన్‌లోనే సంతకం పెట్టింది. నాన్న ఒప్పుకున్నాక తను చదవడానికేముందంది. సత్యం కళ్ళు తుడుచుకుని, నష్టపరిహారంగా రెండు ప్లాస్టిక్ కుండీలూ తన రిపోర్టు ఒక కాపీ ఇచ్చాడు.

అక్టోబరులో హనుమయ్య ఇండియా వెళ్ళిపోయాడు. మళ్ళీ మే నెలలో వచ్చేసరికి తోట ఉన్నచోట కంకర దారి ఉంది. చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. ఒక మనిషికి దారి దొరికింది కదా అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు.

ఆ వారమే సత్యం గృహప్రవేశం. హనుమయ్య పట్టుపంచె కట్టుకుని, ఆ కంకర మీదే నడిచి వెళ్ళాడు. వరండాలో సత్యం అతిథులకు పొరుగుదేశాల ఔదార్యం గురించి చెబుతున్నాడు. గొంతు అప్పటికే జీరబోయింది.

ఇంటి పక్క పెద్ద టెంటు. టెంటు పక్కన వంటవాళ్ళ ట్రైలరు, ఇరవై ముప్ఫై కార్లు. హనుమయ్య ట్రైలరు దగ్గర ఆగిపోయాడు. బళ్ళ కొలతలు ఆయనకు కంటితో చూస్తేనే తెలుస్తాయి. ఆ పొడుగు బండి తన తోటలో మలుపు తిరగదు.

సత్యం భార్య భానుశ్రీ నవ్వుతూ పరమాన్నం గిన్నె తెచ్చిచ్చింది.

"ఇంత పెద్ద బండి మా దారిలో ఎలా పట్టిందమ్మా?" అని అడిగాడాయన.

"అది మీ దారిన రాలేదంకుల్, దక్షిణం వైపు నలభై అడుగుల తారు రోడ్డు మేం స్థలం కొనకముందు నుంచే ఉంది, కాకపోతే దక్షిణం గుమ్మం మా ఆయనకి అచ్చిరాదని సిద్ధాంతిగారు వాట్సాప్‌లో చెప్పారు," అంది భానుశ్రీ, గిన్నెలో ఇంకో జీడిపప్పు వేస్తూ.