అత్తగారు మెచ్చిన గొంతు

దొంగతనానికి కంచుగొంతు పెట్టుకున్న ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు. ఆ వేళకు తేనెగొంతు తన స్టూడియోకు తాళం వేసి భోజనానికి ఇంటికి వెళ్తాడు. రెండు దాటితే గాని తిరిగి రాడు.

ఇద్దరిదీ ఒకటే వృత్తి. నవలలు చదివి రికార్డు చేస్తారు, జనం చెవులకు తగిలించుకుని వింటారు. ఆ పేర్లు కంపెనీవాళ్ళు పెట్టినవే. అదే కంపెనీ మొన్న ఆరు భాగాల పెద్ద నవల తెచ్చి తేనెగొంతు చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళ అనుభవమున్న కంచుగొంతుకు మాత్రం మరకలు వదిలించే చిట్కాల పుస్తకం ఇచ్చింది.

అడగ్గా అడగ్గా మేనేజరు ఒక్క మాటన్నాడు. "మొదటి భాగం రేపు పొద్దున్నకల్లా అందకపోతే చూద్దాం లెండి, మీకే ఇస్తాం."

ఆ మొదటి భాగమున్న డిస్కు తేనెగొంతు సొరుగులో ఉంది.

"రాసినవాడిదేముంది? కథకు ప్రాణం పోసేది గొంతు" అని కంచుగొంతు సిద్ధాంతం. నిజమే కావచ్చు. భగవంతుడు గొంతిచ్చింది కథలకు ప్రాణం పోయడానికే గాని తోటివాడి పొట్ట కొట్టడానికి కాదేమో అన్న సందేహం మాత్రం అతనికి రాలేదు. అలాంటి సందేహాలు చిన్న గొంతులవాళ్ళకే వస్తాయి కాబోలు.

దొంగతనం సులువే. ఒకప్పుడు తనూ అక్కడే చదివేవాడు, అప్పటి తాళంచెవి ఇంకా దగ్గరుంది. కావలసిందల్లా ఆ రెండు గంటలూ ఇంట్లోనే ఉన్నాడని చెప్పే సాక్షి. భార్య ఆఫీసుకు పోయింది. ఇక మిగిలింది అత్తగారు.

ఆవిడను మించిన సాక్షి దొరకదు. పన్నెండేళ్ళలో అల్లుణ్ణి ఒక్క మాట మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒకసారి తానే సిగ్గు విడిచి అడిగితే, చొక్కాకు గుండీ కుడుతూ తల ఎత్తకుండా అంది. "ఆ తేనెగొంతాయన చదివితే కథ కనబడుతుంది. మీరు చదివితే మీరే కనబడతారు."

అలాంటావిడ అల్లుడి పక్షాన అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు?

"అత్తయ్యా, పన్నెండు నుంచి రెండు దాకా చదువుకుంటాను. తలుపు తట్టకండి" అన్నాడు.

"తట్టను అల్లుడుగారూ. తుమ్మొచ్చినా పక్కింటికెళ్ళి తుమ్మొస్తాను."

చిన్నగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. గోడలకు పాత బొంతలు వేలాడదీసినా ఆ గొంతు హాల్లోకి వినబడుతూనే ఉంటుంది. పోయిన వారమే పూర్తిచేసిన నవలను స్పీకరులో పెట్టాడు. ఉత్తుత్తి సాక్ష్యమే అయినా నాసిరకం వినిపించడానికి కళాకారుడి మనసొప్పుకోదు గదా! నాయిక తండ్రి చనిపోయే ఘట్టం నుంచి మొదలుపెట్టాడు. పెరటి కిటికీలోంచి దిగాడు.

అనుకున్నట్టే అయింది. డిస్కు మురుక్కాలవలో మునిగింది. రెండు కాకుండానే అదే కిటికీలోంచి లోపలికొచ్చి, స్పీకరు ఆపి, గొంతు అరిగిపోయినవాడిలా బయటికొచ్చి వేణ్ణీళ్ళడిగాడు. అత్తగారు మారుమాట్లాడకుండా కాచి ఇచ్చింది. అదే అతనికి వింతగా తోచింది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఆ స్టూడియో తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉందట. ఒకటి ఆయన దగ్గర, రెండోది మీ దగ్గర. నిన్న పన్నెండు నుంచి రెండు దాకా ఎక్కడున్నారు?"

"నా గదిలో చదువుకుంటున్నాను. మా అత్తగారినడగండి."

"అవును సార్" అందావిడ. "ఆ రెండు గంటలూ నేనీ కుర్చీలోంచి లేవలేదు. గదిలోంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది."

"ఖాయంగా ఈయన గొంతేనా?"

"పన్నెండేళ్ళ నుంచి పడుతున్నాను సార్. నాకు తెలీదా?"

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి లేచాడు. గండం గడిచింది. కంచుగొంతు నోరు మూసుకుని ఊరుకుంటే కథ అక్కడితో కంచికి చేరేది.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఇన్‌స్పెక్టరు మర్యాదకు ఒక మాటన్నాడు. "మా ఆవిడ వంట చేస్తూ ఆ తేనెగొంతుగారి పుస్తకాలే వింటుందండీ. మీరూ చదువుతారని ఇప్పుడే తెలిసింది."

కంచుగొంతుకు ఒళ్ళు మండింది. పోలీసుల చేతికి చిక్కినా ఫరవాలేదనుకున్నంత మంట అది.

"అత్తయ్యా, నిన్న నేనెలా చదివానో సార్‌తో చెప్పండి."

"ఇప్పుడెందుకు లెండి."

"ఫరవాలేదు, చెప్పండి. మనసులో ఉన్నదే చెప్పండి."

ఆవిడ గుండీల డబ్బా పక్కన పెట్టింది. "నిజం చెప్పాలంటే ఏడిపించేశారు సార్. ఆ తండ్రి పోయినప్పుడు సూది గుచ్చుకున్నా నాకు తెలీలేదు. పాపం, ఇన్నాళ్ళూ ఈయన్ని ఊరికే ఆడిపోసుకున్నానే అనిపించింది."

పన్నెండేళ్ళ దాహం తీరినట్టయింది కంచుగొంతుకు. "విన్నారా సార్?" అన్నాడు ఛాతీ విరిచి.

"విన్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒక కాలికి బూటుంది, రెండోది చేతిలో ఉంది. "రోజూ ఇంత బాగా చదువుతుంటే ఆడిపోసుకోవడం ఎందుకమ్మా?"

"రోజూనా? రోజూ అయితే ఒక్కో వాక్యం ఆరేసి సార్లు సార్! తప్పు పోయినప్పుడల్లా చప్పట్లు కొడతారు, తర్వాత ఆ చోటు వెతికి కత్తిరించుకోడానికట. దగ్గడాలు, గొంతు సవరించుకోడాలు, తన్ను తానే తిట్టుకోడాలు, వినలేక చచ్చేదాన్ని."

ఇన్‌స్పెక్టరు చేతిలోని బూటు కింద పెట్టి, కాలికున్నదీ విప్పి మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాడు. "మరి నిన్నో?"

అత్తగారు అల్లుడి వైపు మొదటిసారిగా ఆప్యాయంగా చూసింది.

"నిన్న రెండు గంటల్లో ఒక్క తప్పు లేదు, ఒక్క దగ్గు లేదు. అసలు ఆ గదిలో మనిషి ఉన్నట్టే అనిపించలేదు సార్, అంత బాగా చదివారు!"